అడుగు ఆకుల్లో పుట్టిన చేపలు

తొమ్మిదేళ్ల కిందట హైదరాబాదులో ఒక అక్వేరియం దుకాణంలో నేను మొదటిసారి కూలీ లోచ్‌ను చూశాను. గాజు తొట్టి మూలలో పడి ఉన్న ప్లాస్టిక్ గొట్టం ముక్కలోంచి నలుపూ పసుపూ పట్టీలున్న చిన్న తల ఒకటి బయటికి వచ్చి, మీసాలతో నేలను తడిమి, మళ్లీ లోపలికి జారుకుంది. అదేమిటని అడిగితే దుకాణదారు, "కూలీ చేప సార్, పేరులోనే ఉంది కదా. అడుగున పడ్డ చెత్తంతా తిని ట్యాంకు శుభ్రంగా ఉంచుతుంది. రెండు వేసుకోండి, చాలు" అన్నాడు. నేను నమ్మి రెండే కొన్నాను. ఆయన చెప్పిన వాటిలో ఒక్కటీ నిజం కాదని తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. నాకు తెలిసేలోపు ఆ అజ్ఞానానికి మూల్యం చేపలే చెల్లించాయి. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

ముందు పేరు సంగతి. మన కూలి పనికీ ఈ చేపకూ ఏ సంబంధమూ లేదు. హైన్‌రిష్ కూల్ అనే జర్మన్ ప్రకృతి శాస్త్రజ్ఞుడు 1797లో పుట్టి, తన మిత్రుడు వాన్ హాసెల్ట్‌తో కలిసి జావా దీవికి వెళ్లి, అక్కడి జంతుజాలాన్ని సేకరిస్తూ 1821లో, ఇరవై నాలుగేళ్లయినా నిండకుండానే, ఇప్పుడు బోగోర్ అని పిలిచే ఊళ్లో చనిపోయాడు. పాతికేళ్ల తరువాత, 1846లో, ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వలెన్సియెన్ జావాకు చెందిన ఈ చేపను వర్ణిస్తూ దానికి కూల్ పేరు పెట్టాడు. ఇప్పుడు దాని శాస్త్రీయ నామం పాంజియో కూలియై. అయితే మన దుకాణాల్లో ఆ పేరుతో దొరికేది చాలావరకు దాని దగ్గరి చుట్టమైన పాంజియో సెమీసింక్టా. పట్టీలు వీపు మీంచి దిగి పొట్ట కిందికి చేరకముందే ఆగిపోతాయి కనుక దానికి సగం చుట్టిన పట్టీ అనే అర్థంలో ఆ పేరు వచ్చింది. ఒంటినిండా ముదురు గోధుమ రంగుండే నల్ల కూలీ వేరే జాతి, దాని పేరు పాంజియో ఆబ్లాంగా. ఈ కుటుంబం మనకు పరాయిది కూడా కాదు. ఈశాన్య భారతంలో పాంజియో పాంజియా ఉంది, పడమటి కనుమల్లో పాంజియో గోయెన్సిస్ ఉంది. కేరళలో కోళికోడ్ దగ్గర బావి నీళ్లలో దొరికిన, వీపు రెక్కా పొట్ట రెక్కలూ లేని ఒక ఎర్రటి సన్నని చేపను 2019లో శాస్త్రజ్ఞులు వర్ణించి, మనం టీతో తినే భుజియాను పోలి ఉందని పాంజియో భుజియా అని పేరు పెట్టారు.

పేరు తప్పయితే సరిదిద్దుకోవచ్చు. దాని వెంట వచ్చిన రెండో అబద్ధం, అంటే ఈ చేప తొట్టిని శుభ్రం చేస్తుందన్నది, ప్రాణం తీసే అబద్ధం. కూలీ లోచ్ మలాన్ని తినదు, గాజుకు పట్టిన నాచును గీకదు. అది ఇసుకను నోట్లోకి తీసుకుని, అందులోని సన్నని పురుగులనూ జీవులనూ ఏరుకుని, మిగిలిన ఇసుకను మొప్పల సందుల్లోంచి బయటికి వదిలేస్తుంది. దగ్గర కూర్చుని చూస్తే చెంపల పక్కనుంచి రెండు సన్నని ఇసుక ధారలు జారడం కనిపిస్తుంది. అంటే అది వేటాడి తినే చేప. దానికి మాంసాహారం కావాలి, అదీ దీపాలు ఆర్పిన తరువాత, అడుగు దాకా చేరేలా వేయాలి. "చెత్త తింటుందిలే" అని ఎవరూ విడిగా మేత వేయని తొట్టిలో, పై చేపలు మిగల్చని రాత్రుల్లో, అది నెలల తరబడి సన్నబడుతూ పోతుంది. సహజంగానే సన్నగా ఉండే చేప కాబట్టి అది చిక్కిపోవడం యజమాని కంటికి ఆనదు. నా మొదటి రెండూ అలాగే పోయాయి. వాటిలో ఒకటి చనిపోయాక చేతిలోకి తీసుకుని చూస్తే, తల వెనక వీపు రెండు పక్కలా లోతుగా గుంట పడి ఉంది. తరువాత చదువుకుని తెలుసుకున్నాను, అది ఆకలి గుర్తు.

నేను ఇక్కడ వాదించదలచుకున్నది ఒక్కటే. ఈ చేపను శుభ్రతకు పనివాడిగా కొనడమే కాదు, మనం శుభ్రత అనుకునేదాన్ని దాని నెత్తిన రుద్దడం కూడా తప్పే. మెరిసే కంకర, బోసి అడుగు, ధగధగలాడే దీపం, వారానికోసారి అడుగంతా ఊడ్చి తీసే సైఫన్ గొట్టం ఉన్న తొట్టిలో కూలీ లోచ్ బతకవచ్చేమో కాని పిల్లల్ని పెంచలేదు. దాని పిల్లలు బతికేది మనం చెత్త అని పారేసే పొరలోనే. ఇది నేను పుస్తకాల్లో చదివి నేర్చుకోలేదు, బకెట్లో చూసి నేర్చుకున్నాను. ఆ బకెట్ సంగతికి వస్తాను.

దానికి ముందు మన దుకాణాల్లో దొరికే కూలీ అసలు ఇల్లు ఎలా ఉంటుందో చెప్పాలి. మలయా ద్వీపకల్పం, సుమత్రా, బోర్నియో అడవుల్లో మెల్లగా పారే వాగులూ, ఏళ్ల తరబడి రాలిన ఆకులూ కొమ్మలూ పూర్తిగా కుళ్లకుండా పేరుకున్న పీట్ చిత్తడి నేలలూ దాని పుట్టినిల్లు. అక్కడి నీళ్లు డికాక్షన్ రంగులో, పుల్లగా, లవణాలు దాదాపు లేకుండా ఉంటాయి. పైన చెట్ల నీడ, కింద మోకాలి లోతు ఆకులు. ఆ ఆకుల మధ్య సందుల్లో దూరి బతకడానికే దాని శరీరం తయారైంది. ఒళ్లు పాములా సన్నగా ఉంటుంది, పొలుసులు ఉన్నాయా లేవా అన్నంత చిన్నవి, గీసుకుపోకుండా కంటి మీద పారదర్శకమైన చర్మం ఉంటుంది, కంటి కింద మడిచి పెట్టుకోగల ముల్లు ఉంటుంది. నీళ్లలో ప్రాణవాయువు తగ్గితే పైకి దూసుకువచ్చి గాలి మింగి, పేగు గోడ గుండా దాన్ని పీల్చుకుంటుంది. ఇన్ని ఏర్పాట్లు ఉన్న చేపను బోసి గాజు మీద వదిలి, కనిపించడం లేదని విసుక్కోవడం న్యాయం కాదు.

ఆ ఇల్లు కూడా ఇప్పుడు నిలకడగా లేదు. 1996లో ఇండోనేషియా ప్రభుత్వం బోర్నియోలోని తన భాగమైన మధ్య కాలిమంతాన్‌లో దాదాపు 10 లక్షల హెక్టార్ల పీట్ నేలను వరి పొలాలుగా మార్చాలని కాలువలు తవ్వించింది. నీరు తీసేసిన పీట్ ఎండిపోయి 1997లో నెలల తరబడి తగలబడింది, వరి పండలేదు. సుమత్రాలో, బోర్నియోలో మరెంతో చిత్తడి నేల పామాయిల్ తోటల కింద పోయింది. పామాయిల్‌ను ప్రపంచంలో అందరికంటే ఎక్కువగా దిగుమతి చేసుకునే దేశం మనదే కాబట్టి, మన బజ్జీల మూకుడికీ ఈ చేప ఇంటికీ ఉన్న సంబంధాన్ని నేను మరిచిపోలేను. దుకాణాల్లోకి వచ్చే కూలీలలో అత్యధికం ఇంకా అడవిలో పట్టి తెచ్చినవే. వాటిని ఇంట్లో పిల్లలు పెట్టించగలమా అన్న ప్రశ్న నాకు కేవలం సరదా ప్రశ్నగా అనిపించకపోవడానికి ఇదే కారణం.

మొదటి రెండూ పోయాక నేను ఏడాది ఆగి, మూడడుగుల తొట్టిని వాటి కోసమే కట్టాను. సన్నని ఏటి ఇసుకను జల్లెడ పట్టి, నీళ్లు తేరేదాకా కడిగి, గుప్పెడు ఇసుక మీద వెనిగర్ పోసి బుడగలు రావడం లేదని చూసుకుని రెండంగుళాల మందాన పరిచాను. బుడగలు వస్తే అందులో సున్నం ఉన్నట్టు, అటువంటి ఇసుక నీటిని గట్టిపరుస్తుంది. మా బోరు నీటి టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాల కొలత, 600 దాటుతుంది కనుక ఒక వంతు బోరు నీటికి మూడు వంతులు ఆర్‌ఓ నీళ్లు కలిపాను. ఇసుక మీద ఎండు బాదం ఆకులు పరిచాను. మా అత్తగారి ఊళ్లో పెరటి బాదం చెట్టు కింద రాలినవే అవి. మందులూ ఎరువులూ తగలని చెట్టు కావడం ముఖ్యం, ఆకు దానంతటది పండి రాలినదై ఉండటం ముఖ్యం. పైన చెరువుల్లో దొరికే అంతరతామర వేశాను, దాని వేళ్లు జడల్లా నీళ్లలోకి వేలాడతాయి. ఫిల్టరు సంగతిలో రాజీ పడకూడదు, ఎయిర్ పంపుతో నడిచే స్పాంజ్ ఫిల్టరే పెట్టాలి. నీళ్లు లాగే గొట్టమున్న ఫిల్టరైతే కూలీ అందులోకి దూరుతుంది. మూత మీద వైరు కోసం వదిలిన సందును కూడా దూదితోనో స్పాంజితోనో మూయాలి. నేను బొటనవేలంత సందు వదిలిన రాత్రి ఒక చేప అందులోంచి దూకి, తెల్లవారేసరికి సోఫా కింద ఎండిపోయి దొరికింది.

ఈసారి పది చేపల్ని తెచ్చాను. పదింటిని తెచ్చాకే కూలీ లోచ్ అంటే ఏమిటో నాకు తెలిసింది. రెండింటిగా ఉన్నప్పుడు అవి భయంతో దాక్కున్నాయి, పదిగా ఉన్నప్పుడు ఒకదాని మీద ఒకటి పడుకుని, ఒకే ఆకు కింద అయిదారు తలలు బయటపెట్టి, సాయంత్రం వెలుతురు తగ్గగానే గుంపుగా తిరిగాయి. ఆరుకు తగ్గకుండా పెంచాలని అందరూ చెప్పే మాటను నేను ఇంకొంచెం ముందుకు జరిపి, పదికి తగ్గితే అసలు మొదలుపెట్టవద్దంటాను. పిల్లలు కావాలనుకునేవారికి ఇది మరీ అవసరం, ఎందుకంటే చిన్న వయసులో ఆడమగ తేడా తెలియదు. పెద్దయ్యాక మగదాని ముందు రెక్క కొంచెం పెద్దగా, దాని రెండో ఈనె మందంగా ఉంటుంది. ఆడది నిండుగా ఉంటుంది, గుడ్లు తయారైనప్పుడు పొట్ట చర్మం గుండా లేత ఆకుపచ్చ రంగు కనిపిస్తుంది. టార్చి వెలుతురులో ఆ పచ్చదనాన్ని మొదటిసారి చూసిన రాత్రి నేను నిద్రపోలేదు.

మధ్యలో ఒక ఘోరం జరిగింది. వేరే చేపల్ని విడిగా ఉంచి చూడకుండా నేరుగా ఈ తొట్టిలో వదిలాను. వారంలో తెల్లమచ్చ జబ్బు వచ్చింది. సీసా మీద రాసిన మోతాదులో మందు పోశాను. పొలుసుల రక్షణ లేని ఒళ్లు కావడంతో మలకైట్ గ్రీన్, ఫార్మలిన్, రాగి వంటి మందులు ఈ చేపలకు మిగతా వాటికంటే తీవ్రంగా తగులుతాయి. మరుసటి ఉదయానికి నాలుగు చనిపోయాయి. మిగిలిన వాటికి సగం నీళ్లు మార్చి, ఉష్ణోగ్రతను మెల్లగా 30 డిగ్రీలకు పెంచి, గాలి ఎక్కువగా కొట్టించి, సగం మోతాదుతో రెండు వారాలు నెట్టుకొచ్చాను. కొత్త చేపను కనీసం మూడు నాలుగు వారాలు విడి తొట్టిలో ఉంచాలన్న మాటను ఇప్పుడు నేను ఎవరితో చెప్పినా గట్టిగానే చెబుతాను. పోయినవాటి స్థానంలో తరువాత ఆరింటిని తెచ్చాను, వాటిని నెలపాటు విడిగానే ఉంచాను.

ఇక బకెట్. ప్రతి ఆదివారం సైఫన్ గొట్టంతో అడుగున ఉన్న గోధుమరంగు మడ్డినంతా లాగేసి, ఆ నీళ్లను బాల్కనీలోని కరివేపాకు మొక్కకు పోసేవాణ్ని. చేపల నీళ్లు మొక్కకు మంచివి కదా, కరివేపాకు కూడా ఏపుగా పెరిగింది. ఒక ఆదివారం ఫోను మోగి, బకెట్‌ను అక్కడే వదిలి వెళ్లాను. అరగంట తరువాత తిరిగి వచ్చేసరికి మడ్డి అడుగుకు దిగి నీళ్లు తేరుకున్నాయి, ఆ మడ్డి మీద దారం ముక్క ఒకటి కదిలింది. పురుగేమో అనుకుని టీ స్పూనుతో ఎత్తి, తెల్ల పళ్లెంలో వేసి చూశాను. సెంటీమీటరున్నర పొడవుంది. చీపురు పుల్ల చివరంత సన్నగా ఉంది. ఒంటి మీద అప్పుడే పడుతున్న పట్టీలు పెన్సిల్‌తో చుక్కలు పెట్టినట్టున్నాయి. తలకు రెండు వైపులా మీసాలు కదిలాయి.

నేను నేల మీద కూర్చుండిపోయాను. ఎన్ని ఆదివారాలు, ఎన్ని బకెట్లు ఆ మొక్కకు పోశానో లెక్కపెట్టబోయి మానేశాను. కుండీలోని మట్టిని చేత్తో కెలికాను కూడా, అందులో ఏమీ మిగిలి ఉండదని తెలిసినా. శుభ్రత పేరుతో నేను నెలల తరబడి చేసింది ఊయలను ఊడ్చి పారబోయడమే.

ఆ రోజు నుంచి తొట్టిలో మూడింట రెండు వంతుల అడుగును గొట్టంతో ముట్టుకోలేదు. మేత వేసే మూలను మాత్రం శుభ్రం చేస్తాను, అదీ గొట్టం చివర పలచని స్పాంజి చుట్టి. తీసిన నీళ్లను తెల్ల ప్లాస్టిక్ బేసిన్‌లో పోసి రాత్రంతా ఉంచి, పొద్దున టార్చి వేసి చూశాకే మొక్కకు పోస్తాను. ఆ తరువాతి రెండేళ్లలో నేను చూసినవి కొన్ని చెబుతాను. గుడ్లు ఆవగింజ కంటే చిన్నవి, ఆకుపచ్చనివి. అంతరతామర వేళ్ల మధ్య కొన్ని చిక్కుకుంటాయి, మిగిలినవి కింద ఆకుల్లోకి జారతాయి. పెద్ద చేపలే వాటిని వెతుక్కుని తింటాయి. వేళ్లతో పాటు కొన్నింటిని చిన్న డబ్బాలోకి తీసి ఉంచితే మరుసటి రోజుకే పగిలాయి. పొదిగి వచ్చిన పిల్లకు తల పక్కన దారాల్లాంటి మొప్పలు ఒంటి బయటే వేలాడుతూ ఉంటాయి. ప్రాణవాయువు తక్కువగా ఉండే కుళ్లిన ఆకుల మధ్య ఊపిరి తీసుకోవడానికి చేసుకున్న ఏర్పాటు అది. ఆ పిల్ల ఈదదు, వెలుతురు పడగానే సందులోకి పోతుంది. దానికి మేత కంటికి కనిపించని సూక్ష్మజీవులు, అవి దొరికేది బాదం ఆకు మీద పట్టే జిగురు పొరలోనే. తరువాత గోధుమపిండి ముద్ద మీద పెంచిన మైక్రోవార్మ్‌లనే సన్నని పురుగులు, ఇంకా తరువాత ఉప్పు నీళ్లలో పొదిగించిన ఆర్టీమియా అనే బుల్లి రొయ్యల పిల్లలు. డబ్బాలో నేను మేత వేసి పెంచిన పిల్లలకంటే, నేను ముట్టుకోకుండా వదిలేసిన ఆకుల్లో వాటంతటవే పెరిగినవి ఎక్కువగా బతికాయి. నా వాదనకు నాకున్న బలమైన ఆధారం ఇదే.

మా తొట్టిలో రెండేళ్లూ గుడ్లు పెట్టింది జూన్ నెలలోనే. రోహిణి కార్తె ఎండల్లో నీళ్లు ఆవిరై మట్టం నాలుగంగుళాలు తగ్గేదాకా వదిలి, మృగశిరలో మొదటి రెండు వానలు డాబా దుమ్మును కడిగేశాక పట్టిన వాన నీళ్లను సాయంత్రాల్లో కొద్దికొద్దిగా పోశాను. వాన నీళ్లలో లవణాలు ఉండవు, తొట్టి నీటికంటే రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉంటాయి. దానికి ముందు నెలరోజులు డాఫ్నియా అనే నీటి ఈగలు, గడ్డకట్టించిన బ్లడ్‌వార్మ్‌లనే ఎర్ర పురుగులు బాగా మేపాను. వాన పట్టిన రాత్రి చేపలన్నీ గాజు వెంట పైకీ కిందికీ ఆగకుండా ఈదాయి. అయితే ఈదులాట చూసి సంబరపడే ముందు నైట్రైట్ పరీక్ష చేయాలి, నీళ్లు పాడైనప్పుడు కూడా అవి సరిగ్గా ఇలాగే కొట్టుకుంటాయి.

ఇక్కడ గోదావరి జిల్లాల నుంచి వచ్చిన నా మిత్రులు ఒక ప్రశ్న వేస్తారు. "మా దగ్గర బొచ్చెకూ రాగండికీ ఇంజక్షన్ ఇచ్చి ఒక్క రాత్రిలో లక్షల గుడ్లు పెట్టిస్తారు, దీనికీ అదే చేయొచ్చుగా?" అని. 1957లో హీరాలాల్ చౌధురి అనే మత్స్య శాస్త్రజ్ఞుడు ఒడిశాలో పీయూష గ్రంథి సారం ఎక్కించి కార్పు చేపల చేత గుడ్లు పెట్టించిన రోజు, జూలై 10, ఇప్పుడు జాతీయ మత్స్య రైతుల దినోత్సవం. ఆ పద్ధతే లేకపోతే కొల్లేరు చుట్టూ ఇన్ని చేపల చెరువులు ఉండేవి కావు, దాని మీద నాకు గౌరవముంది. కూలీలను కూడా కొన్ని వాణిజ్య ఫారాల్లో హార్మోనుతో పిల్లలు పెట్టిస్తారు. కాని కిలోల బరువుండే తల్లి రాగండిని తడిగుడ్డలో పట్టుకుని సూది వేయడం వేరు, పెన్సిలంత సన్నగా, కొద్ది గ్రాములు తూగే చేపను, వలలో వేస్తేనే కంటి కింది ముల్లు చిక్కుకుని విలవిల్లాడే చేపను ఇంట్లో పట్టుకుని పొడవడం వేరు. నేను వాటిని వలతో పట్టడం కూడా మానేశాను, గాజు సీసాను అడ్డం పెట్టి అందులోకి నడిపిస్తాను. ఆకులూ వాన నీళ్లూ చేయగల పనికి సూది అక్కరలేదు.

అనుభవమున్న పెంపకందారులు మరో అభ్యంతరం చెబుతారు, దాన్ని తేలిగ్గా తీసుకోను. అడుగు ఊడ్చకపోతే అమ్మోనియా పెరిగి చేపలు చావవా అంటారు. మిగిలిపోయిన మేత కుళ్లితే నిజంగానే చస్తాయి. అందుకే నేను మేత విషయంలో పిసినారిగా ఉంటాను, ఒక్క మూలలోనే వేస్తాను, పొద్దున మిగిలింది తీసేస్తాను. కాని ఆకులు మెల్లగా విరిగి, బ్యాక్టీరియా పట్టి, వాసన లేకుండా తేలికగా లేచే గోధుమరంగు మడ్డి కుళ్లిన మేత వంటిది కాదు. దాన్ని వేళ్ల మధ్య నలిపి వాసన చూడండి, వాన పడిన తోటలోని మట్టి వాసన వస్తుంది. కుళ్లు వాసన వస్తే ఆ భాగం తీసేయాలి. వారానికి అయిదో వంతు నీళ్లు పైనుంచి మారుస్తూ, చేపల సంఖ్య పెంచకుండా ఉన్న నా తొట్టిలో ఈ అయిదేళ్లలో అమ్మోనియా, నైట్రైట్ పరీక్షలు మడ్డి కారణంగా ఒక్కసారి కూడా రంగు మారలేదు.

కిందటేడు పదిహేడు పిల్లలు వేలెడంత పొడవు దాకా పెరిగాయి. ఈ సంఖ్య చాలా చిన్నదని నాకు తెలుసు, అడవి నుంచి వచ్చే సరుకును ఇది ఆపదు. కాని మన ఊళ్లలోని పెంపకందారులు ఏటా తలా పదిహేను పిల్లల్ని ఇంకొకరికి ఇవ్వగలిగితే, కొత్తగా మొదలుపెట్టేవారికి దుకాణంలో చిక్కి శల్యమైన అడవి చేప ఒక్కటే దారి కాకుండా పోతుంది. ఇచ్చేటప్పుడు జాతి ఏదో సరిగా చెప్పి ఇవ్వాలి, వేర్వేరు పాంజియో జాతుల్ని ఒకే తొట్టిలో కలిపి పిల్లలు పెట్టించకూడదు.

ఆ పదిహేడులో పదింటిని మా ఆఫీసులో పనిచేసే ఒక అమ్మాయికి ఇచ్చాను. సీసాలో చేపలతో పాటు మా తొట్టి నుంచి నానిన ఆకులు రెండు గుప్పెళ్లు, ఒక గ్లాసు మడ్డి కూడా కట్టి ఇచ్చాను. మూడు వారాల తరువాత ఫోను చేసి, "అన్నా, ఒక్కటీ కనిపించట్లేదు, ఆకులు తీసి చూడనా?" అని అడిగింది. తీయొద్దమ్మా, రాత్రి పదింటికి దీపం ఆర్పి, టార్చికి ఎర్ర కాగితం చుట్టి చూడమన్నాను. పదకొండున్నరకు మెసేజ్ పెట్టింది, ఏడు లెక్కపెట్టానని, ఇంకా కూర్చునే ఉన్నానని.